తగవు తీర్చడం వేరు, తీర్చుకోవడం నేర్పడం వేరు

[దృశ్యం: నేల మీద పరచిన తెల్లకాగితాలు, మూత తీసిన రంగు పెన్సిళ్ల పెట్టె. ఏడేళ్ల అక్క, అయిదేళ్ల తమ్ముడు. నీలం పెన్సిల్ ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస వాడి చేతిలో ఉంటుంది.]

వ్యాఖ్యానం: ఈ తగవు మొదలై ఇంకా అర నిమిషం కాలేదు. పెన్సిల్ విరగలేదు, ఎవరూ ఎవరినీ కొట్టలేదు, కానీ గొంతులు మాత్రం పక్క గదిలోకి వినిపించేంతగా లేచాయి. అక్కడికి వచ్చిన అమ్మ సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "ముందు ఎవరు మొదలుపెట్టారు?" అన్నదే. ఆ మాట చెవిన పడగానే పిల్లలిద్దరూ పెన్సిల్ సంగతి మరచిపోయి వకీళ్లుగా మారిపోతారు. నేనే ముందు తీశానని అక్క, నిన్న కూడా ఇవ్వలేదని తమ్ముడు పాత తగాదాలన్నీ తిరగదోడడం మొదలుపెడతారు. అమ్మ ఒకరి వైపు తీర్పు చెబితే రెండోవారు ఏడుస్తారు. విసుగెత్తి పెన్సిల్ లాక్కుని అటక మీద పెడితే పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్లవుతుంది. ఎలా చూసినా ఆ పూటకు తగవు తీరుతుంది. తగవును తాము తీర్చుకోవడం మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ అలవడదు. ఈ వీడియోలో మనం మాట్లాడుకోబోయేది ఆ తేడా గురించే.

[తెర మీద: పది పదాలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి.]

వ్యాఖ్యానం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పాఠశాలల కోసం వెలువరించిన పత్రాలలో జీవన నైపుణ్యాలను పదిగా లెక్కించింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, సృజనాత్మకంగా ఆలోచించడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, చెప్పదలచినది ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం, తోటివారితో సంబంధాలు నిలుపుకోవడం, తనను తాను తెలుసుకోవడం, సహానుభూతి, ఉద్వేగాలను సంభాళించుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం అన్నవి ఆ పది. ఒక ఆరోగ్య సంస్థ ఈ పనిని ఎందుకు తలకెత్తుకున్నదని ఎవరికైనా అనుమానం రావచ్చు. పొగ తాగడం ఊపిరితిత్తులకు చేటని పాఠంలో చదువుకున్న కుర్రవాడు, స్నేహితుడు సిగరెట్టు చేతికి అందించినప్పుడు స్నేహం చెడకుండా వద్దని చెప్పలేకపోతే, చదివిన పాఠం అక్కరకు రాదు. అందువల్లనే ఈ పది ఆరోగ్యానికి సంబంధించిన విషయాలయ్యాయి.

ఈ జాబితాను చార్టు మీద అందంగా రాయించి తరగతి గోడకు తగిలించడంతో పని పూర్తయిందనుకునే పాఠశాలలు లేకపోలేదు. నీలం పెన్సిల్ దగ్గర జరిగిన పెనుగులాటను ఒక్కసారి గుర్తు చేసుకుంటే, ఈ పదిలో ఏడెనిమిది ఆ అర నిమిషంలోనే, ఒకదానితో ఒకటి పెనవేసుకుని, అవసరపడ్డాయని తెలుస్తుంది. కాబట్టి తగవు పాఠానికి అడ్డంకి కాదు, పాఠం జరిగే చోటే అది.

[దృశ్యం: బొమ్మల రూపంలో రెండు బీరువాలు, ఒక పిల్లవాడు, ఒక చాక్లెట్.]

వ్యాఖ్యానం: అయితే ఏ వయసులో ఏది సాధ్యమో తెలియకుండా నేర్పబోతే ఇద్దరికీ విసుగే మిగులుతుంది. 1983లో హైన్జ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్న పిల్లలకు ఒక కథ చెప్పారు. మాక్సీ అనే పిల్లవాడు ఒక బీరువాలో చాక్లెట్ పెట్టి బయటకు వెళ్తాడు, వాడు లేని సమయంలో తల్లి దానిని మరొక బీరువాలోకి మారుస్తుంది. తిరిగి వచ్చిన మాక్సీ ఎక్కడ వెతుకుతాడన్నది ప్రశ్న. మూడేళ్ల పిల్లలు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడున్న బీరువానే చూపిస్తారు, ఎందుకంటే తమకు తెలిసిన సంగతి మాక్సీకి తెలియదన్న ఆలోచన వారికి ఇంకా అందదు. నాలుగేళ్లు దాటిన తరువాతే ఆ ఊహ క్రమంగా కుదురుకుంటుంది. రెండున్నరేళ్ల బిడ్డను కూర్చోబెట్టి "వాడి స్థానంలో నువ్వుంటే ఎలా ఉంటుందో ఆలోచించు" అని పదే పదే చెప్పడం వల్ల అంత ప్రయోజనం లేకపోవడానికి ఇదొక కారణం. ఆ వయసులో పెద్దలు చేయవలసినది దెబ్బలు తగలకుండా చూసుకోవడం, బిడ్డ లోపల కదులుతున్నదానికి ఒక మాట అందించడం.

ఆ మాట అందించడం దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే తెలుగు మనకు ఇక్కడ ఎంతో సాయం చేస్తుంది. పిల్లవాడి మొహం ఎర్రబడితే మనం "కోపం వచ్చిందా?" అని మాత్రమే అడుగుతాం. కానీ ఆటలో ఓడి, ఏమీ చేయలేక, కళ్లలో నీళ్లు కుక్కుకుంటూ వచ్చేది కోపం కాదు, ఉక్రోషం. తనను బుజ్జగిస్తారని తెలిసి, తనవారి మీద మాత్రమే చూపేది అలక. నలుగురిలో ఎవరో నవ్వినప్పుడు కలిగేది చిన్నబోవడం. తమ్ముడి బొమ్మను అందరూ మెచ్చుకుంటున్నప్పుడు లోపల ఎక్కడో మెలిపెట్టేది అసూయ. వీటిలో ఒక్కొక్కదానికి మందు వేరు. అలకకు పలకరింపు చాలు, ఉక్రోషానికి కాస్త ఒంటరితనం కావాలి, చిన్నబోయినవారికి ఆ నలుగురి ముందే దక్కవలసిన గౌరవం దక్కాలి. ఉద్వేగానికి పేరు పెట్టడం వల్ల దాని తీవ్రత తగ్గుతుందని మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో ప్రచురించిన మెదడు స్కానింగ్ అధ్యయనం సూచించింది. భావానికి తగిన పదాన్ని ఎంచుకున్నప్పుడు, భయంతోనూ కోపంతోనూ ముడిపడిన అమిగ్డాలా అనే భాగం స్పందన తగ్గినట్లు వారు గమనించారు. ఆ ప్రయోగంలో పాల్గొన్నవారు పెద్దలు. పదాలు ఇంకా పోగుచేసుకుంటున్న పిల్లలకు ఆ పదాన్ని మొదట మనమే అందించవలసి ఉంటుంది.

[దృశ్యం: మళ్లీ అదే గది. అమ్మ నేల మీద, పిల్లల ఎత్తుకు దిగి కూర్చుంటుంది.]

వ్యాఖ్యానం: కెనడాలో హిల్డీ రాస్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరి కలిసి తల్లిదండ్రులకు మధ్యవర్తిత్వంలో శిక్షణ ఇచ్చి చూశారు. 2007లో వెలువడిన ఆ అధ్యయనంలోని పద్ధతి ప్రకారం పెద్దలు మాటల క్రమాన్ని మాత్రమే కాపాడతారు, పరిష్కారం పిల్లల చేతిలోనే ఉంటుంది. ముందు నియమాలు చెప్పడం, ఆ తరువాత తగవు దేని గురించో తేల్చడం, ఒకరి మనసులోది మరొకరు వినేలా చూడడం, చివరగా దారులు వారి చేతనే వెతికించడం ఇందులోని మెట్లు. అలా సాగిన తగవులలో పిల్లలు మరింత నిదానంగా మాట్లాడుకున్నారని, అవతలివారి ఉద్దేశాన్ని మెరుగ్గా అర్థం చేసుకున్నారని వారు గుర్తించారు. మన గదిలో అది ఇలా సాగుతుంది.

అమ్మ: "పెన్సిల్ కాసేపు నా దగ్గర ఉంటుంది. ఎవరికీ ఇచ్చెయ్యను, దాచెయ్యను. ఒకరు చెబుతుంటే రెండోవారు అడ్డు రాకూడదు, సరేనా?"

తమ్ముడు: "అక్క ఎప్పుడూ ఇవ్వదు!"

అమ్మ: "ఇప్పుడు దాంతో నీకు ఏం చెయ్యాలని ఉంది, నాన్నా?"

తమ్ముడు: "అక్క వేసినట్టే నేనూ సముద్రం వేస్తాను."

అమ్మ: "తమ్ముడు ఏమన్నాడో నువ్వొకసారి చెప్పమ్మా."

అక్క: "నన్ను చూసి వేస్తాడట." [కాసేపు ఆగి] "కానీ వాడు గట్టిగా నొక్కుతాడు. మొన విరిగిపోతుంది. నా సముద్రం ఇంకా సగమే అయింది."

వ్యాఖ్యానం: ఇప్పుడు తగవు స్వరూపమే మారిపోయిందని గమనించండి. "నాది" అన్న రెండు అరుపుల వెనక, అక్కలా బొమ్మ వేయాలన్న ఒక ముచ్చట, పెన్సిల్ మొన పోతుందన్న ఒక భయం ఉన్నాయి. వీటిలో ఏదీ రెండోదానికి విరోధం కాదు. ఈ తేడాను చాలా కాలం కిందటే స్పష్టంగా చెప్పినది అమెరికాకు చెందిన నిర్వహణ శాస్త్ర రచయిత్రి మేరీ పార్కర్ ఫాలెట్. 1925లో చేసిన ఒక ప్రసంగంలో ఆమె గ్రంథాలయంలోని ఒక చిన్న గది ఉదాహరణ ఇచ్చారు. అక్కడున్న మరొకరికి కిటికీ తెరవాలని ఉంది, ఫాలెట్‌కు మూసి ఉంచాలని ఉంది. చివరకు ఎవరూ కూర్చోని పక్క గదిలోని కిటికీ తెరిచారు. ఇది రాజీ కాదని ఫాలెట్ వివరించారు, ఎందుకంటే ఎదుటి వ్యక్తికి కావలసినది గదిలోకి గాలి రావడమే, ఆమెకు వద్దనిపించినది ఉత్తరపు గాలి నేరుగా తన మీదకు కొట్టడం. ఇద్దరిలో ఎవరూ ఏమీ వదులుకోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన ఇళ్లలో "సర్దుకుపో" అన్న మాట ఎక్కువగా ఎవరికి వినిపిస్తుందో ఒక వారం రోజులు లెక్క పెట్టి చూడండి. "నువ్వు పెద్దదానివి కదా" అని పెద్దబిడ్డకు, గొంతు చిన్నదైన బిడ్డకు, ఎదురు చెప్పని బిడ్డకు వినిపిస్తుంది. వారు నిజంగానే సర్దుకుపోతారు, ఇంట్లో నిశ్శబ్దం నెలకొంటుంది, పెద్దలు దానిని మంచితనమని మెచ్చుకుంటారు. కానీ తనకు ఏం కావాలో నోరు తెరిచి అడగడం ఆ బిడ్డ నేర్చుకోలేదు, అడిగినవారి మాట వినడం రెండో బిడ్డ నేర్చుకోలేదు. అరిచి గెలవడం ఎంత పెద్ద లోపమో, అడగకుండా ఓడిపోవడం కూడా అంతే పెద్ద లోపమని నా అభిప్రాయం.

[దృశ్యం: తలుపు సందులోంచి వంటగదిలో వాదించుకుంటున్న అమ్మానాన్నలను చూస్తున్న పాప.]

వ్యాఖ్యానం: పిల్లలు ఇదంతా ఎక్కువగా నేర్చుకునేది మనల్ని చూసే. అందుకని వారి ముందు భార్యాభర్తలు అసలు వాదించుకోకూడదన్న సలహా తరచు వినిపిస్తుంది. మార్క్ కమింగ్స్, ఆయన సహచరులు అనేక ఏళ్లపాటు జరిపిన పరిశోధనలలో తేలినది మాత్రం కొంత భిన్నంగా ఉంది. అరుపులు, అవమానాలు, రోజుల తరబడి సాగే మౌనం పిల్లలను కలతపెడతాయి. అదే వాదన ఒక కొలిక్కి రావడం కళ్లారా చూసినప్పుడు వారి ఆందోళన బాగా తగ్గుతుంది. కానీ మనలో చాలామందిమి చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. వాదన పిల్లల ఎదుట జరుగుతుంది, సయోధ్య మాత్రం వారు నిద్రపోయిన తరువాత, మూసిన తలుపు వెనక జరుగుతుంది. మరునాటి ఉదయం "రాత్రి నేను గొంతు పెంచడం తప్పు, అమ్మకు ఆ మాట చెప్పాను, ఇద్దరం మాట్లాడుకున్నాం" అని నాన్న ఒక్క వాక్యం చెబితే, కథలో చిరిగిపోయిన ఆఖరి పేజీ బిడ్డ చేతికి అందినట్లే.

[దృశ్యం: పాఠశాల ఆవరణ. రెండు గుంపులుగా నిలబడిన పిల్లలు.]

వ్యాఖ్యానం: బడిలో తగవులు ఇద్దరి మధ్యనే కాక గుంపుల మధ్య కూడా పుడతాయి. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని ఓక్లహోమాలో, సుమారు పదకొండేళ్ల వయసున్న 22 మంది బాలురను రెండు జట్లుగా విడదీసి ఒక వేసవి శిబిరం నడిపారు. పోటీలు పెట్టగానే జట్ల మధ్య వైరం పుట్టింది. వారిని ఒకచోట చేర్చి భోజనం పెడితే, సినిమా చూపిస్తే అది తగ్గలేదు. నీటి సరఫరా ఆగిపోయినప్పుడు, లారీ కదలక మొరాయించినప్పుడు, ఇరు జట్లూ కలిస్తే తప్ప జరగని పనులు ముందుకు వచ్చాకనే వైరం కరిగింది. నిర్వాహకులు పిల్లలను తమకు కావలసినట్లు నడిపించారన్న విమర్శ ఈ ప్రయోగం మీద ఉంది, ఈనాడు దానిని ఎవరూ అనుమతించరు కూడా. అయినా కరచాలనం చేయించి పంపేయడం కన్నా కలిసి చేయవలసిన ఒక పని అప్పగించడం మేలన్న సంగతి, తరగతి నడిపే ఉపాధ్యాయులకు అనుభవంలో ఉన్నదే. ఇక ఈ నైపుణ్యాలకు సమయం కేటాయిస్తే చదువు వెనకబడుతుందన్న భయానికి 2011లో జోసెఫ్ డర్లక్ బృందం ప్రచురించిన సమీక్ష కొంత జవాబు చెబుతుంది. 213 పాఠశాల కార్యక్రమాలలోని 2,70,034 మంది విద్యార్థుల వివరాలను పరిశీలించినప్పుడు, అటువంటి శిక్షణ పొందినవారు చదువులో 11 శాతాంక స్థానాలు మెరుగుపడినట్లు కనిపించింది. అంటే నూరుమందిలో సరిగ్గా మధ్యన ఉన్న విద్యార్థి దాదాపు మరో పదకొండు మందిని దాటినట్లు.

ఇంతవరకు చెప్పినదేదీ వర్తించని సందర్భం ఒకటి ఉంది. బలవంతుడైన పిల్లవాడు బలహీనుణ్ని పదే పదే, కావాలని వేధిస్తుంటే అది తగవు కాదు. నార్వేలో దాన్ ఓల్వేయస్ దశాబ్దాలపాటు అధ్యయనం చేసిన ఈ వేధింపుకు గుర్తులు ఆ మూడే: బలాబలాల తేడా, పదే పదే జరగడం, హాని చేయాలన్న ఉద్దేశం. అటువంటి చోట ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు" అనడం బాధపడిన బిడ్డకు రెండో దెబ్బ. ఎప్పుడూ తీర్పరిగా దిగవద్దని చెబుతున్న నేనే, ఇక్కడ మాత్రం పెద్దలు వెంటనే దిగి వేధింపును ఆపవలసిందేనని చెబుతాను. ఫోన్‌లో గ్రూపుల నిండా ఒకే అమ్మాయిని ఎగతాళి చేసే సందేశాలు కూడా ఈ కోవలోకే వస్తాయి.

యౌవనంలోకి అడుగుపెట్టే పిల్లల విషయంలో కాస్త ఓపిక అవసరం. ఆవేశాన్ని నిలువరించి పర్యవసానాలను తూచే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల ప్రాంతం వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఏకాంతంలో అంత చక్కగా మాట్లాడే పద్నాలుగేళ్ల బిడ్డ, స్నేహితులు చూస్తుండగా అదే మాట అనలేకపోవడంలో వింత లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను పిల్లల మీద ప్రయోగించడం మనకు అలవాటు. అయితే ఈ విషయంలో మానులు కూడా వంగుతాయి. మధ్యవర్తిత్వంలో శిక్షణ పొంది తమ పద్ధతి మార్చుకున్న ఆ తల్లిదండ్రులు పెద్దవారే కదా.

[దృశ్యం: మొదటి గది. పెన్సిల్ ఇంకా అమ్మ చేతిలోనే ఉంది.]

అమ్మ: "సరే, మరి ఏం చేద్దాం? ఇద్దరికీ నచ్చాలి."

తమ్ముడు: "విరిచేద్దాం!"

వ్యాఖ్యానం: అమ్మ నవ్వలేదు, కాదనలేదు. ఆ మాటను కూడా లెక్కలో వేసుకుని ఊరుకుంది. అక్క కొంతసేపు పెన్సిల్ వైపే చూసింది.

అక్క: "చెక్కితే రెండు ముక్కలూ రాస్తాయమ్మా. నా ముక్క నేనే చెక్కుకుంటాను."

[దృశ్యం: పెట్టె దగ్గరగా కనిపిస్తుంది. అందులో ఇప్పుడు రెండు నీలం పెన్సిళ్లున్నాయి. రెండూ పొట్టివే. ఒకదాని మొన అప్పుడే మొద్దుబారింది.]