చాక్లెట్ సిస్ట్ ఉంటే గర్భసంచి తీపియ్యాల్నా?

(తెర మీద స్కాన్ రిపోర్టు. "ఎడమ అండాశయంల ఎండోమెట్రియోమా" అన్న లైన్ కింద ఎర్రగీత.)

హన్మకొండల స్కాన్ తీపిచ్చుకుని, ఈ లైన్ పట్టుకుని ఫోన్ల వెతికితే ముందు కనపడేది కాన్సరే. ఇంటికి పోంగనే చుట్టాలు కూడా "గర్భసంచి తీపిచ్చుకో, పీడ పోతది" అంటరు. ఈ రెండో మాటే నాకు ఎక్కువ భయం.

గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగితే ఎండోమెట్రియోసిస్. అది అండాశయంల పెరిగితే, నెలనెలా కారే రక్తం బయటికి పోక అక్కడే నిల్వయి, చిక్కగ, గోధుమరంగుల మారుతది. అదే ఎండోమెట్రియోమా; రంగు అట్ల ఉంటది కాబట్టే చాక్లెట్ సిస్ట్ అంటరు. ఆ పాత రక్తంలోని ఇనుము, తగ్గని వాపు కలిసి కణాలను దెబ్బతీస్తయని పరిశోధకుల అంచనా.

(తెర మీద: 4.2 రెట్లు)

అమెరికాల యూటా రాష్ట్రం ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 2024ల వచ్చింది. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకు అండాశయ కాన్సర్ ముప్పు 4.2 రెట్లు. లోతుకు పాకినా, చాక్లెట్ సిస్ట్ ఉన్నా 9.7 రెట్లు. వింటే గుండె జారుతది గదా? అదే అధ్యయనంల ఇంకో లెక్క ఉంది: ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లందర్ని కలిపి చూస్తే, పదివేల మందికి అదనంగా వచ్చేది సుమారు 10 కేసులు. అసలే అరుదైన రోగం కాబట్టి రెట్లు పెద్దగ కనపడ్తయి.

 

ఇప్పుడు ఆపరేషన్ ముచ్చట. ముప్పున్నది అండాశయానికి, తీసేది గర్భసంచిని! అండాశయాలు కూడా తీపిస్తే ముప్పు తగ్గుతది, నిజమే. కానీ ముప్పయ్యేళ్లకే ఎముకలు గుల్లబారుడు, గుండెజబ్బు ముప్పు మొదలైతయి. దేశంల గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువయ్యే రాష్ట్రాలల్ల మన తెలంగాణ కూడా ఒకటి, యాదికుంచుకోండ్రి. నొప్పి భరించలేక, మందులు పనిచేయక, డాక్టరుతోని మాట్లాడి చేయించుకునుడు వేరే. కాన్సర్ భయంతోని చేయించుకునుడు వేరే.

అండాశయ కాన్సర్ అనుమానం ఉంటే చేసే సీఏ-125 రక్తపరీక్షల అంకె పెరిగిందని కూడా ఏడ్వకండ్రి. ఎండోమెట్రియోసిస్ ఒక్కదానికే అది పెరుగుతది.

మరి ఎప్పుడు ఉరకాలె? సిస్టుల గట్టి భాగం ఉండి, దానికి రక్తం పారుతున్నదని స్కాన్‌ల రాస్తే. నెలసరి ఆగిపోయినంక సిస్ట్ పెరుగుతుంటే. రెండు ముద్దలకే కడుపు నిండి, పొట్ట ఉబ్బరం వారాల తరబడి తగ్గకపోతే. వరంగల్ సీకేఎం సర్కారు దవాఖానకు పోయినా, ప్రైవేటుకు పోయినా పాత స్కాన్ ఫిల్ములు వెంట పట్టుకపోండ్రి. సిస్ట్ మారిందా లేదా డాక్టరుకు తెలిసేది వాటితోనే.