కుర్చీలో ఒకరు, సభలో ఎందరు?

అందరికీ నమస్కారం. దేశాలను ఏలిన మహిళల పేర్లు మీకు నేను చెప్పక్కర్లేదు. ఇందిర, థాచర్, బేనజీర్, మెర్కెల్... ఈ పేర్లు వినీ వినీ ఉన్నాం. నాకు ఆసక్తి కలిగించేది వేరే లెక్క. ఆ కుర్చీకి ఎదురుగా, సభలో, ఎంతమంది మహిళలు కూర్చున్నారన్నది.

శ్రీలంకతో మొదలుపెడతాను. 1960 జులైలో సిరిమావో బండారనాయకే ప్రధాని అయ్యారు. ప్రపంచంలో ఒక మహిళ ప్రధాని కావడం అదే మొదటిసారి. ప్రధానిగా ఉన్న భర్త అంతకుముందు ఏడాది హత్యకు గురైతే, పార్టీ ఆమెను ముందుకు తెచ్చింది. 1994 వచ్చేసరికి కూతురు చంద్రిక అధ్యక్షురాలు, తల్లి మళ్ళీ ప్రధాని. రెండు పెద్ద పదవులూ ఒకే ఇంట్లో! అంత ఘన చరిత్ర ఉన్న దేశంలో 2020 ఎన్నికల తర్వాత పార్లమెంటులో 225 మందికి మహిళలు పన్నెండు మంది. 2024లో హరిణి అమరసూరియ ప్రధాని అయ్యారు, ఏ రాజకీయ కుటుంబం నీడా లేకుండా. అప్పుడు గానీ సభలో మహిళలు పది శాతం దాకా రాలేదు.

ఇప్పుడు స్వీడన్ చూడండి. 1994 నాటికే అక్కడి పార్లమెంటులో మహిళలు నలభై శాతం. కానీ మొదటి మహిళా ప్రధాని మాగ్దలీనా ఆండర్సన్ వచ్చింది 2021 నవంబరులో. అదీ ఎలా వచ్చారంటే, ఎన్నికైన కొన్ని గంటలకే సంకీర్ణంలో ఉన్న గ్రీన్ పార్టీ బయటికి పోవడంతో రాజీనామా చేసి, ఐదు రోజుల తర్వాత మళ్ళీ ఎన్నికయ్యారు.

అంటే కుర్చీకి దారి వేరు, సభకు దారి వేరు. దక్షిణాసియాలో కుర్చీ దాకా వెళ్ళిన మహిళల్లో ఎక్కువమంది తండ్రి పేరు మీదో, భర్త పేరు మీదో వెళ్ళారు. వాళ్ళకు సామర్థ్యం లేదని నేననడం లేదు. భర్త పోయాక రాజకీయాల్లోకి వచ్చి, ఇల్లూ పార్టీ రెండూ నిలబెట్టడం మామూలు విషయం కాదు. కానీ ఆ తలుపు వాళ్ళు లోపలికి వెళ్ళగానే మూసుకుంది. బంగ్లాదేశ్‌లో 1991 నుంచి 2024 దాకా మధ్యలో ఆపద్ధర్మ ప్రభుత్వాలు తప్ప ప్రధానులంతా మహిళలే. అయినా మూడు వందల సీట్లలో పోటీ చేసి నేరుగా గెలిచిన మహిళలు ఎక్కువలో ఎక్కువ ఇరవై చిల్లర. అదనంగా ఉన్న యాభై రిజర్వుడు సీట్లను పార్టీలు తమ బలాన్ని బట్టి పంచుకునేవి.

బ్రిటన్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. లేబర్ పార్టీ 1997 ఎన్నికల కోసం కొన్ని నియోజకవర్గాల్లో మహిళల పేర్లనే పరిశీలించాలని నియమం పెట్టుకుంది. అది చట్టవిరుద్ధమని 1996లో ట్రిబ్యునల్ కొట్టేసింది గానీ, అప్పటికే చాలాచోట్ల ఎంపికలు అయిపోయాయి. ఆ పార్టీ నుంచి 101 మంది మహిళలు గెలిచారు. కన్జర్వేటివ్‌ల నుంచి పదమూడు మంది. మరి ప్రధానులో? కన్జర్వేటివ్‌ల నుంచి ముగ్గురు: థాచర్, థెరిసా మే, లిజ్ ట్రస్. లేబర్ నుంచి ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. పదకొండేళ్ళకు పైగా పాలించిన థాచర్ తన క్యాబినెట్‌లోకి తీసుకున్నది ఒకే ఒక్క మహిళను. థాచర్ అంటే అభిమానమని చెప్పుకునే సనాయె తకాయిచి 2025 అక్టోబరులో జపాన్‌కు తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఆమె తొలి క్యాబినెట్‌లో మహిళా మంత్రులు ఇద్దరు.

సరే, సభ నిండాలంటే ఏం కావాలి? చదువు, చైతన్యం, సమాజం మారాలి... ఇవన్నీ నిజమే, కాదనను. కానీ ఈ మాటలు పార్టీ ఆఫీసుల్లో చెప్పినంత హాయిగా ఇంకెక్కడా చెప్పరు. సమాజం మారేదాకా టికెట్ మార్చక్కర్లేదు కదా! "గెలుపు గుర్రం కాదమ్మా", "ఖర్చు పెట్టుకోగలరా?", "ఈసారికి సర్దుకోండి, వచ్చేసారి చూద్దాం." ఏ దేశంలోనైనా మహిళలు ఆగిపోయేది ఎక్కువగా ఆ గదిలోనే. బ్యాలెట్ పెట్టె దాకా వచ్చినవాళ్ళను ఓటర్లు మరీ అంత వెనక్కి నెట్టరు.

అందుకే కొన్ని దేశాలు నేరుగా టికెట్ మీదే చట్టం చేశాయి. అర్జెంటీనా 1991లో మొదలుపెట్టింది. అభ్యర్థుల జాబితాలో ముప్ఫై శాతం మహిళలు ఉండాలి, అదీ గెలిచే అవకాశమున్న స్థానాల్లో ఉండాలి, లేకపోతే జాబితానే తిరస్కరిస్తారు. పార్టీ జాబితాకు ఓటేసే పద్ధతి కాబట్టి పై పేర్లే సభకు వెళతాయి, అడుగున ఉన్న పేర్లు అలంకారం. ఫ్రాన్స్ 2000లో సగం సగం అని చట్టం చేసి, పార్లమెంటు ఎన్నికల్లో పాటించని పార్టీలకు ప్రభుత్వ నిధుల్లో కోత పెట్టింది. పెద్ద పార్టీలు కోత భరించడానికే సిద్ధపడ్డాయి. 2002లో జాతీయ సభలో మహిళలు పన్నెండు శాతమే. అదే చట్టం కింద 2001 మున్సిపల్ ఎన్నికలు జాబితాలతో జరిగాయి. అక్కడ నియమం తప్పితే జాబితా చెల్లదు. పట్టణ కౌన్సిళ్ళలో మహిళలు ఒక్కసారిగా నలభై ఏడు శాతానికి వచ్చారు. దేశం అదే, ఓటర్లూ వాళ్ళే. మారింది శిక్ష ఒక్కటే.

మెక్సికో గురించి కాస్త ఎక్కువసేపు చెప్పాలి. అక్కడ ప్రతి అభ్యర్థితో పాటు ఒక ప్రత్యామ్నాయ సభ్యుడి పేరు కూడా ఉంటుంది. అసలు సభ్యులు సెలవు పెడితే ఆ రెండో వ్యక్తి సభలోకి వస్తాడు. మహిళా కోటా ఉంది కదా అని పార్టీలు మహిళల పేర్లు పెట్టాయి, ప్రత్యామ్నాయంగా మగవాళ్ళను పెట్టాయి. 2009లో కొత్త పార్లమెంటు మొదలవగానే గెలిచిన మహిళల్లో కొందరు వరసగా సెలవు చీటీలు ఇచ్చేశారు. ఆ కుర్చీల్లోకి కొన్నిచోట్ల భర్తలు, కొన్నిచోట్ల అన్నదమ్ములు వచ్చి కూర్చున్నారు. సర్పంచ్ భార్య పేరున, పెత్తనం భర్త పేరున నడవడం తెలిసినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. తేడా ఏమిటంటే అక్కడ మహిళా నాయకులు పార్టీ భేదం లేకుండా కోర్టుకెక్కారు. 2011లో ఎన్నికల ట్రిబ్యునల్ కోటాను తప్పక పాటించాలని, మహిళా అభ్యర్థికి ప్రత్యామ్నాయం కూడా మహిళే కావాలని తీర్పిచ్చింది. 2014లో రాజ్యాంగంలోనే సగం సగం అని రాసుకున్నారు. పార్టీలు ఓడిపోయే సీట్లను మహిళల మీద తోసేయకుండా కూడా నిబంధన వచ్చింది. 2021 ఎన్నికలతో దిగువ సభలో సగం మంది మహిళలు. 2024లో క్లాడియా షీన్‌బామ్ అధ్యక్షురాలయ్యారు. ఆమె మీద ప్రధాన ప్రత్యర్థి కూడా మహిళే.

కంతలు పూడ్చని చోట ఏమవుతుందో బ్రెజిల్ చెబుతుంది. 1997 చట్టం పార్టీల అభ్యర్థుల జాబితాలో ముప్ఫై శాతం స్థానాలు మహిళలకు 'కేటాయించాలి' అంది. పార్టీలు కేటాయించి, ఖాళీగా వదిలేశాయి. 2009లో 'నింపాలి' అని సవరించారు. అప్పుడు డమ్మీ పేర్లతో నింపారు. ఒక్క ఓటు కూడా పడని మహిళా అభ్యర్థులు వేలల్లో తేలారు. అంటే ఆమె ఓటు కూడా ఆమెకు పడలేదన్నమాట! ప్రచార నిధుల్లో కూడా ముప్ఫై శాతం వాళ్ళకే ఇవ్వాలని కోర్టులు 2018లో చెప్పాక లెక్క కాస్త కదిలింది.

రువాండా పేరు ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. అరవై శాతానికి పైగా మహిళలున్న పార్లమెంటు అది, ప్రపంచంలో అగ్రస్థానం. కానీ 2000 నుంచి అధ్యక్షుడు ఒక్కరే, పాల్ కగామే. ఆ సభ ఆయనకు ఎదురు చెప్పే సభ కాదు. నేనైతే ఆ అంకెను చప్పట్లు కొట్టేముందు కాస్త ఆగి చూస్తాను.

చివరగా భారతదేశం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మొత్తం అభ్యర్థుల్లో మహిళలు పదో వంతు కూడా లేరు. గెలిచిన 543 మందిలో మాత్రం 74 మంది, అంటే పదమూడు శాతం పైన. ఇండిపెండెంట్లను కూడా కలిపిన లెక్క కాబట్టి దీన్ని మరీ సాగదీయను గానీ, ఓటరు అడ్డం పడుతున్నాడనే మాట మాత్రం దీనిముందు నిలబడదు. 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ ఇరవై ఒక్క సీట్లలో ఏడింటిని మహిళలకిచ్చింది, ఐదుగురు గెలిచారు. అందులో ప్రమీలా బిసోయి స్వయం సహాయక సంఘాల్లో పనిచేసిన మనిషి, పెద్దగా చదువుకోలేదు. ఆమెకిచ్చింది నవీన్ పట్నాయక్ తొలిసారి ఎంపీగా గెలిచిన అస్కా సీటు. మెజారిటీ రెండు లక్షల పైచిలుకు. కానీ అది ఒక పార్టీ ఇష్టం. 2024లో ఆ పార్టీకే లోక్‌సభలో ఒక్క సీటూ రాలేదు.

మూడో వంతు సీట్లు రిజర్వు చేసే బిల్లు 1996లో మొదటిసారి సభలో పెట్టారు, 2023లో చట్టమైంది. జనగణన, పునర్విభజన అయ్యాకే అమలన్న షరతు చట్టంలోనే ఉంది. దాని సంగతి అందరూ మాట్లాడుతున్నారు. నా అనుమానం ఇంకోటి. ఇక్కడ రిజర్వ్ అయ్యేది నియోజకవర్గం, పార్టీ జాబితాలో స్థానం కాదు. ప్రతి పునర్విభజన తర్వాత ఆ నియోజకవర్గాలు మారతాయి. పదేళ్ళు ఒకచోట పనిచేసుకున్న మహిళ సీటు జనరల్ అయినరోజు, ఆమెకు అక్కడే మళ్ళీ టికెట్ ఇవ్వాలని ఏ పార్టీనీ ఏ చట్టం అడగదు. దీని మీద మీలో ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే ప్రశ్నలు అక్కడినుంచే మొదలుపెడదాం.