ఇసుకలో బోర్లా పడుకునే హైడ్: కొనాలా, వల చాలా?

నమస్తే అండి. ఈ రోజు రివ్యూ హైడ్ గురించి, అంటే లోపల దాక్కుని పక్షుల ఫొటోలు తీసే ఒక పొట్టి గుడారం గురించి. లోపల నిలబడలేం, కూర్చోలేం. బోర్లా పడుకుంటే మనల్ని, కెమెరాని కలిపి కప్పేస్తుంది. తీరపు పక్షులను దగ్గర నుంచి తీయడానికి ఇది కొనాలా, లేక ఒంటి మీద కప్పుకునే క్యామఫ్లాజ్ వల సరిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. నేను రెండూ వాడతాను, కాబట్టి పక్కపక్కన పెట్టి చెబుతాను.

ముందుగా ఒక మాట. బట్ట మీద డిజైన్ చూసి కొనకండి. ఆకులు, కొమ్మలు అచ్చేసిన ఆకుపచ్చ బట్ట అడవిలో బాగానే ఉంటుంది, ఖాళీ ఇసుక మీద మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఇసుకరంగో, బురదరంగో ఉన్న సాదా బట్టే నయం. అసలు పక్షిని ఎక్కువగా బెదరగొట్టేవి నిలువెత్తు మనిషి ఆకారం, కదలిక. బ్రిటన్‌లో రిచర్డ్, చెర్రీ కీర్టన్ అని అన్నదమ్ములు ఉండేవాళ్లు. 1900లో వాళ్లు లోపల బోలుగా ఉండే ఎద్దు బొమ్మ ఒకటి చేయించి, అందులో దూరి పక్షుల ఫొటోలు తీశారు. అంత పెద్ద ఎద్దు పక్షులకు కనబడకుండా ఉంటుందా? కనబడింది. కానీ మేసే పశువంటే వాటికి భయం లేదు.

ఈ గుడారం చేసే పని కూడా అదే. మనిషి ఆకారాన్ని చెరిపేస్తుంది, లోపల మన చిన్న చిన్న కదలికలను దాచేస్తుంది. వలకి ఆ రెండో గుణం తక్కువ. వల కింద మోచెయ్యి సర్దుకుంటే వల మొత్తం కదులుతుంది.

ఇక కిటికీ. చూడటానికి చిన్న విషయం, నేను మాత్రం కొనేముందు చూసేది ఇదే. లెన్స్ దూర్చే రంధ్రం నేలకి ఎంత ఎత్తులో ఉంది? కొన్నిటిలో ఒక అడుగు పైన ఉంటుంది, అది దండగ. మన లెన్స్ పక్షి కంటి ఎత్తుకి దిగాలి. అప్పుడే వెనకాల ఇసుక, నీరు దూరంగా జరిగి మెత్తగా కలిసిపోతాయి. బీన్ బ్యాగ్ (గింజలు నింపిన మెత్తటి సంచి) మీద లెన్స్ ఆనించి, అది రంధ్రంలోంచి నేరుగా బయటికి వస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. కిటికీకి వెల్క్రో ఉంటే ముందే విప్పి పెట్టుకోండి. పక్షులు వచ్చాక ఆ చప్పుడు చేస్తే మళ్లీ మొదటికి వస్తాం.

లెన్స్ తిప్పడంలో ఒక కిటుకు ఉంది. ప్లోవర్లు అనే పొట్టి ముక్కు తీరపు పక్షులు చూపుతో వేటాడతాయి. గబగబా పరిగెత్తి, టక్కున ఆగి, చూసి పొడుస్తాయి. ఆగి చూసే ఆ క్షణంలో మీ లెన్స్ కదిలిందా, పట్టేస్తాయి. అది పరిగెత్తేటప్పుడు తిప్పండి, ఆగగానే మీరూ ఆగండి. పొడుగు ముక్కు శాండ్‌పైపర్లు బురదలో ముక్కు దించి ఎక్కువగా స్పర్శతోనే వెతుకుతాయి, వాటితో కాస్త వెసులుబాటు ఉంటుంది. అలాగని ధీమా వద్దు. వీటి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, వెనక జరిగేది కూడా చాలావరకు కనిపిస్తుంది. షట్టర్ సైలెంట్‌లో పెట్టుకోవచ్చు. కొన్ని కెమెరాల్లో అలా పెడితే ఎగిరే పక్షి రెక్కలు వంకరగా వస్తాయి, అది మాత్రం చూసుకోండి.

గుడారంతో ఉన్న పెద్ద చిక్కు, అది కదలదు. అందుకే దీనికి సముద్రంతో లెక్క కుదరాలి. నీటి అంచు వెంట మేసే పక్షులు పోటు పెరుగుతున్న కొద్దీ ఒడ్డు వైపు జరుగుతాయి. నీరు ఇప్పుడున్న చోట కాదు, పోటు ఆగే గీతకి కొంచెం పైన గుడారం వేసి, పక్షులు రాకముందే లోపలికి వెళ్లిపోవాలి. చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే నిన్నటి టైం ఈ రోజు పనికిరాదు, దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు ఇంకా పైకి వస్తుంది, నిన్నటి గీతని నమ్మొద్దు. లోపల పడుకున్నవాళ్లకి వెనక ఏం జరుగుతోందో తెలియదు. వెనక పాయలోకి నీరు వచ్చే చోట, మెత్తటి బురదలో అసలు వేయకండి.

వల గెలిచేది ఎక్కడంటే, సాండర్‌లింగ్‌లు అనే చిన్న తీరపు పక్షుల దగ్గర. అలతో పాటు కిందికీ పైకీ పరుగులు పెడుతూ తీరం పొడవునా సాగిపోతుంటాయి, గుడారంలో ఉంటే చూస్తూ కూర్చోవాల్సిందే. వల కప్పుకుని పాకుతూ ముందుకి వెళ్లి, వాటి దారిలో పడుకుంటే అవే వస్తాయి. నిజం చెప్పాలంటే వీటికి చాలాచోట్ల వల కూడా అక్కర్లేదు, కదలకుండా పడుకుంటే చాలు. వంకర ముక్కున్న పెద్ద పక్షి కర్లూ సంగతి వేరు. మహా బెరుకు, దాని కోసమైతే గుడారమే.

ఎండ ముదిరాక ఏ హైడూ కాపాడదు. ఇసుక వేడెక్కితే నేల మీద గాలి అలలు అలలుగా కదిలి ఫొటో మసకబారుతుంది. లెన్స్ చెడిపోయిందని టెన్షన్ పడకండి, పొద్దున్నే వెళ్లండి.

గూళ్ల దగ్గర మాత్రం ఇవేవీ వాడకండి. ప్లోవర్ రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ కనిపిస్తే గుడ్లో పిల్లలో దగ్గర్లోనే ఉన్నాయి. అడుగు ఎక్కడ వేస్తున్నారో చూసుకుంటూ వెనక్కి వచ్చేయండి. పోటు వేళ గుంపుగా విశ్రాంతి తీసుకుంటున్న పక్షుల మధ్యలోంచి లేచి బయటికి రావడం కూడా వద్దు. నీరు తగ్గి, అవి మేతకి వెళ్లేదాకా లోపలే ఉండండి. ఇది ఒప్పుకోలేనివాళ్లు గుడారం కొనొద్దు, వలతో సరిపెట్టుకోండి.

సైజు గురించి కామెంట్‌లో అడిగేవాళ్లు మీ ఎత్తు, లెన్స్ పొడవు రెండూ రాయండి. లెన్స్ ముందు ఎండ పడకుండా పెట్టే హుడ్ తగిలించాక కొలిచిన పొడవు రాయండి.