పాస్టర్‌గారి మీద కేసు పడింది, ఇప్పుడేం చేయాలి?

(తెర మీద: వాట్సాప్ గ్రూపు. పేర్లు, ఫొటోలు మసకగా.)

నమస్తే. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నా.

శనివారం రాత్రి ఒక వీడియో వస్తుంది. థంబ్‌నెయిల్‌లో తెల్ల చొక్కా వేసుకున్న మనిషి, ముఖం చుట్టూ ఎర్ర గీత, పక్కన 'పాస్టర్ బాగోతం బట్టబయలు' అని పెద్ద అక్షరాలు. తెల్లారేసరికి అది చర్చి సంఘం గ్రూపులో, కాలనీ గ్రూపులో, టెన్త్ బ్యాచ్ గ్రూపులో తిరిగేస్తుంది. కింద కామెంట్లు చూడండి, రెండే రకాలు. 'ఎన్‌కౌంటర్ చేసి పడేయాలి' అని ఒకటి. 'ఇది సాతాను పని, దైవజనుడి మీద కుట్ర' అని ఇంకొకటి. రెండు కామెంట్లు పెట్టినవాళ్లకూ కేసు గురించి తెలిసింది ఆ థంబ్‌నెయిల్ మాత్రమే.

పాస్టర్ అంటున్నాను గానీ, ఫాదర్ అయినా, గుడి అయ్యగారైనా, స్వామీజీ అయినా, మౌలానా అయినా ఇదే తంతు. 2017 ఆగస్టులో డేరా బాబా గుర్మీత్ రామ్ రహీం మీద అత్యాచారం కేసు రుజువైందని పంచకుల కోర్టు చెప్పిన రోజు భక్తులు ఊరు తగలబెట్టారు, 30 మందికి పైగా చనిపోయారు. తీర్పు వచ్చాక కూడా నమ్మనివాళ్లున్నారు. కేసే నమోదు కాకముందు ఉరి తీయమనేవాళ్లూ ఉన్నారు.

ఈ వీడియోలో మన దగ్గర నడుస్తున్న ఏ కేసు గురించీ మాట్లాడను. కామెంట్లలో పేర్లు పెట్టకండి, పెడితే తీసేస్తాను.

(తెర మీద: 'రుజువయ్యేదాకా నిర్దోషి')

ఈ మాట అందరికీ తెలుసు. అసలు ఇది ఎవరికి పెట్టిన నియమం? ముందుగా కోర్టుకు. ఒకరు నేరం చేశారని చెప్పేవాళ్లే దాన్ని రుజువు చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 104వ సెక్షన్ చెప్పేది అదే. పాత సాక్ష్య చట్టంలో 101గా ఉండేది. ఫిర్యాదు, ఎఫ్ఐఆర్, అరెస్టు, రిమాండు, చార్జిషీటు, ఇవన్నీ దారిలో వచ్చే స్టేజీలు. 'రిమాండుకు పంపారంటే ఏదో ఉండే ఉంటుంది' అంటారు చాలామంది. రిమాండు అంటే దర్యాప్తు నడిచేటప్పుడు మనిషిని కస్టడీలో ఉంచడం, అంతవరకే. చేశాడా లేదా అనేది అప్పటికి ఎవరూ తేల్చలేదు.

మన వరంగల్ వాళ్లకు ఈ నియమం ఎందుకు మింగుడుపడదో చెప్పాలి. 2008 డిసెంబర్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. కొద్ది రోజుల్లోనే ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులను మెచ్చుకున్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, ఆ ఆడపిల్లలను చూసిన ఎవరికైనా వస్తుంది. కానీ కేసు కోర్టు గడప తొక్కలేదు. 2019లో షాద్‌నగర్ దగ్గర, దిశ కేసులో, నలుగురు నిందితుల విషయంలో మళ్లీ అదే జరిగింది, పోలీసుల మీద మళ్లీ పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. ఎదురుకాల్పులన్న పోలీసుల కథ నమ్మేలా లేదని అందులో ఉంది. అప్పటికి పూలు చల్లినవాళ్లలో ఎంతమంది ఆ వార్త చదివారు?

ఇంకో కేసు. 2007లో విజయవాడ హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని అత్యాచారం చేసి చంపేశారు. పోలీసులు ఒక యువకుణ్ని పట్టుకున్నారు, కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చిలో ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి ఏళ్లకేళ్లు జైల్లో గడిపాడు. తప్పు మనిషిని లోపల వేస్తే అసలు నేరగాడు బయట హాయిగా తిరుగుతాడు. ఆ అమ్మాయి తల్లి ఈ మాట మొదటినుంచీ చెబుతూనే ఉంది. నిందితుడి హక్కు అనేసరికి అది బాధితురాలికి ఎదురు నిలబడటమే అనుకుంటాం. ఆ తల్లిని అడిగితే తెలుస్తుంది.

సరే, ఇప్పుడు అవతలి వైపుకు వద్దాం. ఇక్కడే కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే 'రుజువయ్యేదాకా నిర్దోషి' అనే మాటను సంఘ పెద్దలు వాడే తీరు వేరు. 'ఇంకా రుజువు కాలేదు కదా, కాబట్టి ఎవరూ నోరెత్తొద్దు. అయ్యగారు ఈ ఆదివారం వాక్యం చెబుతారు.' అలా చట్టంలో ఎక్కడా లేదు. నిందితుణ్ని నిర్దోషిగా చూడాలంటే ఫిర్యాదు చేసినామెను అబద్ధాలకోరుగా చూడాలని ఎక్కడా రాసిలేదు. ఆమె మీద కూడా ఏదీ రుజువు కాలేదు కదా! ఆ గౌరవం ఆమెకూ దక్కాలి.

'దేవుడు అభిషేకించినవాణ్ని ముట్టకూడదు' అని వెంటనే 105వ కీర్తన ఎత్తుతారు. అది అబ్రాహాము వంశం పరదేశాల్లో తిరుగుతున్నప్పుడు రాజులు వాళ్లకు హాని చేయకుండా దేవుడు కాపాడిన సంగతి. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొద్దని అందులో లేదు. ఇంకొందరు తిమోతికి రాసిన మొదటి పత్రిక, 5వ అధ్యాయం 19వ వచనం చూపిస్తారు: ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నేరారోపణ తీసుకోవద్దని. నిజమే, ఉంది. దాని కిందనే 20వ వచనం కూడా ఉంది: పాపం చేసినవాళ్లను అందరి ముందూ గద్దించమని. దాన్ని చదవకుండా బైబిలు మూసేస్తారు.

సాక్షుల సంగతి అంటారా? తలుపు వేసిన గదిలో జరిగిన నేరానికి ఇద్దరు సాక్షులను ఎక్కణ్నుంచి తెస్తారు? 1996లో పంజాబ్‌కు చెందిన గుర్మిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బాధితురాలి మాట నమ్మదగ్గదిగా ఉంటే అదొక్కటే చాలు, ఇంకో సాక్ష్యం ఉండి తీరాలని లేదు. ఆలస్యంగా ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన అబద్ధం అనుకోవద్దని కూడా చెప్పింది. 'ఇన్నాళ్లూ ఏం చేసింది?' అని అడిగే పిన్నిలకు, బాబాయిలకు ఈ మాట చెప్పండి.

(తెర మీద: 'పోక్సో, 2012')

బాధితులు 18 ఏళ్లలోపు పిల్లలైతే లెక్క మారుతుంది. ఈ ముక్క చాలా వీడియోల్లో వదిలేస్తారు. పిల్లల మీద లైంగిక నేరాల కోసం పెట్టిన పోక్సో చట్టం 29వ సెక్షన్ కింద తీవ్రమైన నేరాల్లో కోర్టు నిందితుడే చేశాడని అనుకుని మొదలుపెడుతుంది, చేయలేదని అతనే చూపించుకోవాలి. అయితే ప్రాసిక్యూషన్, అంటే కేసు నడిపే సర్కారు పక్షం, చేతులు కట్టుకుని కూర్చుంటే కుదరదు. పిల్ల వయసు, ఘటన లాంటి మూల విషయాలను ముందు వాళ్లే నిలబెట్టాలని హైకోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. మత సంస్థను నడిపేవాళ్లు గానీ అందులో పనిచేసేవాళ్లు గానీ అక్కడి పిల్లల మీద అత్యాచారం చేస్తే అది మామూలు నేరం కంటే పెద్ద నేరం కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 20 ఏళ్లు.

సంఘ పెద్దలూ, ఇది మీకోసం. పిల్లల మీద ఇలాంటిది జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోతే, 19, 21 సెక్షన్ల కింద అదే ఒక నేరం. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి మీద చెప్పకుండా దాస్తే ఏడాది వరకు జైలు. 'మన ఇంటి విషయం, మనలో మనం సర్దుకుందాం, పిల్ల పెళ్లి కావాలి కదా' అని పంచాయితీ పెట్టి కాగితం రాయించుకున్న పెద్దమనిషి, ఆ కాగితంతోనే తన మీద సాక్ష్యం తయారుచేసి పెట్టుకున్నట్టే.

ఇప్పుడు కేరళవి రెండు కేసులు. 2017లో కణ్ణూర్ జిల్లా కొట్టియూర్‌లో ఒక మైనర్ బాలిక ప్రసవించింది. మొదట నేరం కన్నతండ్రి మీదికే వెళ్లింది. తర్వాత అక్కడి చర్చి గురువును (ఫాదర్‌ను) పట్టుకున్నారు. కోర్టులో బాలిక కుటుంబం మాట మార్చింది, అయినా డీఎన్‌ఏ పరీక్ష మాట మార్చలేదు. 2019 ఫిబ్రవరిలో తలశ్శేరి కోర్టు ఆ గురువుకు 20 ఏళ్ల శిక్ష వేసింది. అదే తీర్పులో మిగతా నిందితులను వదిలేసింది. ఒకే కేసు, కొందరు దోషులు కాదని తేలింది, ఒకడు దోషి అని తేలింది. మొదటి వారం టీవీ చూసినవాళ్లెవరూ ఇంత సరిగ్గా చెప్పగలిగేవాళ్లు కాదు.

రెండోది జలంధర్ బిషప్ ఫ్రాంకో ములక్కల్ కేసు. ఒక సిస్టర్ ఫిర్యాదు చేశారు, తోటి సిస్టర్లు కొచ్చిలో రోడ్డు మీద కూర్చుంటే గానీ 2018 సెప్టెంబర్‌లో అరెస్టు జరగలేదు. 2022 జనవరి 14న కొట్టాయం కోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలేసింది. దాని మీద హైకోర్టుకు అప్పీలు వెళ్లింది. 2023లో ఆయన జలంధర్ పదవికి రాజీనామా చేశారు. ఆ తీర్పు వచ్చిన రోజు రెండు వైపులా గొంతులు చించుకున్నారు. కోర్టు 'రుజువు కాలేదు' అంటే, అనుమానం లేకుండా రుజువు చేయలేకపోయారని. సిస్టర్ అబద్ధం చెప్పారని ముద్ర వేయడానికి ఆ తీర్పు పనికిరాదు. ఆయన్ను దోషి అని పిలవడానికి మనకూ హక్కు లేదు. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టమే.

నిందపడ్డ మతగురువు ఎలా ఉండాలో చెప్పమంటే నాకు అమెరికాలో చికాగో కేథలిక్ చర్చి పెద్ద, కార్డినల్ బెర్నార్డిన్ గుర్తొస్తారు. 1993లో ఆయన మీద ఒకతను ఆరోపణ చేశాడు. ఆయన తాను చేయలేదన్నారు, ఆరోపణ చేసినతన్ని మాత్రం తిట్టలేదు, భక్తులను రోడ్డు మీదికి రమ్మనలేదు. తన మేత్రాసనంలో, అంటే తన కింద ఉన్న చర్చిల్లో, తాను పెట్టిన విచారణ పద్ధతి తనకూ వర్తిస్తుందన్నారు. నాలుగు నెలలు తిరక్కముందే, 1994 ఫిబ్రవరిలో, అతను ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

ఇక అసలు గొడవ: కేసు నడుస్తుండగా పాస్టర్‌గారు వేదిక ఎక్కొచ్చా?

నా సమాధానం, ఎక్కకూడదు. పక్కన ఉండమనడం శిక్ష కాదు. మన సర్కారు బడిలో సారునే తీసుకోండి. అరెస్టయి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. ఆయన్ను దోషి అని ఎవరూ అనరు, జీవనభృతి కూడా ఇస్తారు. కేథలిక్ చర్చి శాసనమూ ఇదే దారి. 2021 డిసెంబర్ 8న అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత 1321వ సూత్రం రుజువయ్యేదాకా మనిషిని నిర్దోషిగా చూడాలంటుంది. కేసు నడిచేటప్పుడు గురువును బాధ్యతల నుంచి తప్పించవచ్చని 1722వ సూత్రం అంటుంది. ఒకే పుస్తకంలో రెండూ ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డం రాలేదు.

ఫాతిమానగర్‌లో కేథలిక్ బిషప్ కార్యాలయం ఉంది, డోర్నకల్‌లో సిఎస్ఐ (ప్రొటెస్టెంట్ చర్చి) బిషప్ కార్యాలయం ఉంది, ఫిర్యాదు పట్టుకుని వెళ్లడానికి ఒక గుమ్మం ఉంది. మరి మన ఊళ్లలో వాడవాడలా ఉన్న స్వతంత్ర సంఘాల్లో? స్థలం పాస్టర్‌గారి పేరు మీద, కానుకల లెక్క ఆయన బామ్మర్ది దగ్గర, స్త్రీల కూటమి నడిపేది అమ్మగారు, అంటే పాస్టర్‌గారి భార్య. ఆ స్త్రీల కూటమిలోని అమ్మాయి ఎవరికి చెప్పుకోవాలి? అమ్మగారికా? సొంత ఆశ్రమాలదీ ఇదే పరిస్థితి. కాబట్టి కేసు రాకముందే కాగితం మీద రాసుకోవాలి: ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు, బంధువు కాని పెద్దలు ఎవరు, వాక్యం చెప్పడానికి ఎవరు వస్తారు. ఇంకొకటి కూడా రాసుకోండి, పక్కన పెట్టిన పాస్టర్ ఇంటికి నెలకు ఎంత పంపుతారో. చర్చి వెనక రేకుల గదిలో ఉండే ఆయన భార్యాపిల్లలు ఏ నేరమూ చేయలేదు. వాళ్లను వీధిలో పడేస్తే అదీ అన్యాయమే.

వీడియోలు షేర్ చేసే తమ్ముళ్లకు. బాధితురాలి పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పిల్లలైతే పోక్సో 23వ సెక్షన్. పేరు చెప్పకుండా 'ఫలానా మండలం, ఫలానా హాస్టల్, తొమ్మిదో తరగతి' అంటే చాలు, ఊరంతా పట్టేస్తుంది. అదీ నేరమే. 'దమ్ముంటే ఎఫ్ఐఆర్ పెట్టు' అని కామెంట్లో సవాలు చేసేవాళ్లకూ ఒక మాట. లైంగిక నేరాల ఎఫ్ఐఆర్‌లు ఆన్‌లైన్‌లో పెట్టక్కర్లేదని 2016లో సుప్రీంకోర్టే మినహాయించింది. కనబడలేదంటే కేసు లేదని కాదు.

(తెర మీద: 112 పోలీస్, 1098 పిల్లలు, 181 మహిళలు)

చివరగా, ఆదివారం ఆరాధనలో చదవడానికి ఒక ప్రకటన రాసిపెట్టాను. కింద డిస్క్రిప్షన్‌లో ఉంది, కాపీ చేసుకోండి.

'మన పాస్టర్‌గారి మీద పోలీసులకు ఫిర్యాదు అందింది. నిజమేదో కోర్టు తేలుస్తుంది. అప్పటిదాకా ఆయన వాక్య పరిచర్య, పిల్లల కూటములు, ఇళ్ల ప్రార్థనలు చేయరు. ఆయన కుటుంబ ఖర్చు సంఘం చూసుకుంటుంది. ఫిర్యాదు చేసినవారు ఎవరో తెలుసుకోవడానికి ఎవరూ ప్రయత్నించవద్దు, వారి ఇంటికి వెళ్లవద్దు, రాజీ మాట్లాడవద్దు. మీకు ఏదైనా తెలిస్తే నేరుగా పోలీసులకు చెప్పండి. ఈ విషయమై సంఘం గ్రూపులో పోస్టులు పెడితే అడ్మిన్ తీసేస్తారు.'

చదవడానికి నిమిషం కూడా పట్టదు. పాస్టర్‌గారి బంధువులు కాని పెద్ద ఎవరైనా చదివితే మంచిది.