చింత మొక్కలు మిగిలిపోయాయి, ఏం చేయాలి?

యాంకర్: పరకాల వైపు నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. నిరుడు ఎండాకాలం చింతపండు కొట్టినప్పుడు గింజలు పారేయబుద్ధి కాక పాల ప్యాకెట్లలో పెట్టాను. రెండు వందలకు పైగా మొలిచాయి. పొలం దగ్గర పది నాటాను. మిగిలినవన్నీ వాకిట్లోనే ఉన్నాయి. పారేయాలంటే ప్రాణం ఒప్పట్లేదు.

నిపుణుడు: ఎంత ఎత్తున్నాయమ్మా?

శ్రోత: మోకాలు దాటాయి సార్.

నిపుణుడు: అయితే ముందు నాలుగైదు కవర్లు చించి వేళ్లు చూడండి. చింతకు తల్లివేరు లోతుగా దిగుతుంది. ఏడాదిగా పాల ప్యాకెట్‌లో ఉందంటే అడుగున చుట్ట చుట్టుకునో, కవర్ చీల్చుకుని నేలలోకి పోయో ఉంటుంది. నేలలోకి పోతే పీకకండి. వేరు కత్తిరించి, రెండు వారాలు నీడలో పెట్టి నీళ్లు పోయండి. కొత్త చిగురు వేసినవే ఎవరికైనా ఇవ్వండి. చుట్ట మెత్తగా ఉంటే ఆ కొస తీసేసి నాటొచ్చు. తాడులా మెలిపడి గట్టిపడితే మాత్రం వదిలేయండమ్మా. పెంచిన చేతికి కష్టమే, కానీ అది సరిగా ఎదగదు, ఎదిగినా గాలివానకు పడిపోవచ్చు.

శ్రోత: మంచివి ఇంటికొకటి పంచమంటారా?

నిపుణుడు: వద్దు. ఇస్తే అందరూ తీసుకుంటారు. రెండు ఎండాకాలాలు నీళ్లు పోసేదెవరో చూసి ఇవ్వండి. చింతకు చుట్టూ ముప్పై అడుగులు కావాలి, ఇంటి వాకిలి సరిపోదు, కరెంటు తీగల కింద అసలే వద్దు. గింజ మొక్క కాపుకు ఏడెనిమిదేళ్లు పడుతుందని కూడా ముందే చెప్పండి. చెలక ఉన్న రైతు, బడి, గుడి అయితే నయం. 2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా నర్సరీలు పెట్టారు కదా, మీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. పెన్సిల్ లావు కాండం ఉన్నవాటిని అంటు కట్టే నర్సరీవాళ్లు తీసుకుంటారేమో కనుక్కోండి. అంటు చింత నాలుగైదేళ్లకే కాస్తుంది.

శ్రోత: ఎప్పుడు నాటమనాలి సార్?

నిపుణుడు: ఆరుద్ర కార్తెలో నేల బాగా తడిశాక. గుంత ఒకటిన్నర అడుగు, అందులో తట్టెడు పెంట ఎరువు, చుట్టూ ముళ్లకంప. కంప లేకపోతే మేకలు ఒక్క పూటలో తినేస్తాయి. ఒక ఐదారు మొక్కలు మీరే ఉంచుకోండి. నాటిన పదిలో ఏదైనా పోతే వచ్చే ఏడు ఆ చోట పెట్టొచ్చు.

శ్రోత: వాటిని యూరియా బస్తా కోసి అందులో పెట్టొచ్చా?

నిపుణుడు: కడిగి పెట్టండి. కింద మూలలు కత్తిరించండి, నీళ్లు నిలవకూడదు.