నిన్ను పెంచిందెవరు?

శ్రోతలకు నమస్కారం.

సిడ్నీలో మా అమ్మాయిని బడిలో వేసిన రోజు ఒక ఫారం నింపాను. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆ మనిషి పిల్లకి ఏమవుతారు అని అందులో గళ్ళు. ముందు మా చెల్లెలి పేరు రాశాను. ఏమవుతుంది? పిన్ని. ఆ ఫారంలో పిన్నికి మాట లేదు, ఆంట్ అని రాశాను. తర్వాత మా ఆడపడుచు. ఏమవుతుంది? మేనత్త. మళ్ళీ ఆంట్. ఎదురింటావిడ పేరు కూడా ఇచ్చాను, మా పిల్ల ఆవిణ్ణి ఆంటీ అనే పిలుస్తుంది మరి. మూడు గళ్ళు, ఒకే మాట. చదివేవాళ్ళకి ముగ్గురూ ఒకటే.

మన ఇంట్లో ఇది నవ్వుకునే సంగతి. ఆస్ట్రేలియా మూలవాసుల ఇళ్ళలో ఇదే సంగతి మీద ఒక పిల్ల ఎవరింట్లో పెరగాలో తేలిపోతుంది.

నేను పిల్లల సంరక్షణ కేసుల్లో పని చేస్తాను. కేస్‌వర్కర్ అంటారు. ఆస్ట్రేలియా పిల్లల్లో 100కి దాదాపు 6 మంది అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ దీవుల పిల్లలు, అంటే మూలవాసుల పిల్లలు. ఇల్లు విడిచి ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్ని లెక్కపెడితే మాత్రం 100లో 40 మందికి పైగా వాళ్ళే. 2031 నాటికి ఈ తేడాని 45 శాతం తగ్గిస్తామని 2020లో ప్రభుత్వాలన్నీ ఒప్పందం రాసుకున్నాయి. అంకెలు ఇంతటితో చాలు.

ఈ సమాజాల్లో చాలాచోట్ల తల్లి అక్కచెల్లెళ్ళందరూ తల్లులే. తండ్రి అన్నదమ్ములందరూ తండ్రులే. వాళ్ళ పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మేనమామ వరస వేరు, మేనత్త వరస వేరు. ఎక్కడో విన్నట్టు లేదూ? పశ్చిమ ఆస్ట్రేలియాలో కారియెరా అనే ప్రజల వరసల్నీ, మన ద్రావిడ వరసల్నీ మానవశాస్త్రం చదివినవాళ్ళు పక్కపక్కన పెట్టి చూశారు కూడా. నాకైతే పుస్తకం అక్కర్లేకపోయింది. మొదటిసారి విన్నప్పుడే, ఇది మా ఇంటి లెక్కే కదా అనిపించింది.

ఇప్పుడు ఒక కేసు చెబుతాను. ఎవరి బతుకునీ రేడియోలో పెట్టకూడదు కాబట్టి, నేను చూసిన నాలుగైదు కేసులు కలిపి ఒకటిగా చెబుతున్నాను.

న్యూ సౌత్ వేల్స్ లోపలి ప్రాంతంలో ఓ చిన్న ఊరు. నాలుగేళ్ళ పాప. తల్లికి ఇరవై మూడేళ్ళు. ఇంట్లో మత్తు, కొట్లాట. పాపని ఆ ఇంట్లో ఉంచడానికి వీల్లేదు. ఆ మాట మీద ఎవరికీ అనుమానం లేదు, నాకూ లేదు. మరి ఎక్కడ ఉంచాలి? చట్టం వరస చెబుతుంది: ముందు బంధువులు, తర్వాత అదే సమాజంలోని వాళ్ళు, తర్వాత ఇతర అబోరిజినల్ కుటుంబాలు, ఎవరూ దొరక్కపోతేనే బయటివాళ్ళు. ఫైల్లో ఏముంది? అమ్మమ్మ: చనిపోయింది. తండ్రి తరఫు: తెలియదు. చూసుకోగల బంధువులు: లేరు. పాపని మూడు గంటల దూరంలో, ముక్కూ మొహం తెలియని ఇంటికి పంపారు.

బంధువులు లేరని ఎవరు చెప్పారు? తల్లే చెప్పింది. గుమ్మంలో నిలబడి అడిగారు, లేరంది. ఎందుకంది? పేరు చెబితే ఆ ఇంటి ముందూ వెల్ఫేర్ కారు, అంటే పిల్లల్ని తీసుకెళ్ళే శాఖ వాళ్ళ కారు, ఆగుతుందని భయం. ఆ భయం ఊరికే రాలేదు. ఇదే రాష్ట్రంలో 1915లో, కోర్టు ఆర్డర్ లేకుండానే అబోరిజినల్ పిల్లల్ని తీసుకుపోయే అధికారాన్ని ఒక బోర్డు చేతికిచ్చారు. కెంప్సీ దగ్గర కించెలాలో మగపిల్లల హోమ్ 1924 నుంచి 1970 దాకా నడిచింది. అక్కడ పిల్లల్ని పేరుతో పిలవలేదు, నంబరుతో పిలిచారు. 2008లో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, మంచిదే. కానీ ఆ నంబర్లు మోసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు, వాళ్ళ మనవలున్నారు.

రెండోసారి నాతో ఆ సమాజానికి చెందిన ఒక పెద్దావిడ వచ్చింది. అక్కడి అబోరిజినల్ సంస్థలో పని చేస్తుంది. ఆవిడ గుమ్మంలో నిలబడలేదు. పెరటి మెట్ల మీద కూర్చుంది. టీ అడిగి తాగింది. ముందు తన ఊరేదో, తన వాళ్ళెవరో చెప్పుకుంది. తర్వాత పాప తల్లిని, నీ మాబ్ ఎవరు అని అడిగింది. మాబ్ అంటే తనవాళ్ళు, తన జనం. మన పల్లెల్లో ముసలివాళ్ళు, ఎవరింటి పిల్లవే నువ్వు అంటారే, అచ్చం అదే. ఫైలు మాట లేదు, పాప మాట లేదు. ఒక గంట పోయాక అడిగింది: నిన్ను పెంచిందెవరు?

అమ్మ, అంది ఆ పిల్ల.

మీ అమ్మ పోయింది కదా అన్నాను నేను. నా తొందర నాది.

ఆ అమ్మ కాదు, ఇంకో అమ్మ, అంది.

చనిపోయిన ఆ అమ్మకి అక్క. ఏడో ఏట నుంచి ఆ పిల్లని పెంచిన మనిషి. నాలుగు వీధుల అవతలే ఉంటుంది. వెనక్కి వెళ్ళి ఫైలు తిరగేశాను. ఒక్క చోట కనిపించింది: అప్పుడప్పుడూ ఒక ఆంటీ వచ్చి పాపని తీసుకెళ్తుంది. అంతే. పేరు లేదు.

తెలుగు శ్రోతలకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. తల్లికి పెద్దమ్మ అయితే పాపకి ఏమవుతుంది? అమ్మమ్మ. అమ్మమ్మ లేదని రాసుకున్న ఫైల్లోనే అమ్మమ్మ ఉంది.

తర్వాత అంతా సాఫీగా జరిగిందని అనుకోకండి. ఆవిడ ఇంట్లో రెండే గదులు. ఇంట్లో పెద్దవాళ్ళందరికీ పోలీస్ చెక్ కావాలి. ఎప్పుడో వయసులో ఉండగా జరిగిన ఒక చిన్న కేసు బయటపడింది, దాని మీద ఉత్తరాలు, సంతకాలు. అలా వారాలు గడిచాయి. ఈలోగా వంటింటి బల్ల మీద పెద్ద కాగితం పరిచి వంశవృక్షం గీశాం. సాయంత్రానికి పద్నాలుగు పేర్లు వచ్చాయి. శుక్రవారం రాత్రి ఎవరు ఉంచుకుంటారు, బడికి ఎవరు దింపుతారు, తల్లి ఆదివారం వచ్చినప్పుడు పక్కన ఎవరుండాలి, అన్నీ వాళ్ళే తేల్చుకున్నారు. నేను రాసుకున్నాను.

ఈ పనిలోకి రావాలనుకునే మన పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం ఒక్క మాట. బంధువులున్నారా అని అడగకండి. నిన్ను పెంచిందెవరు అని అడగండి. మొదటి వారంలోనే అడగండి. రెండు నెలలయ్యాక అడిగితే పాప కొత్త ఇంటికి అలవాటు పడిందంటారు, కదిలిస్తే దెబ్బతింటుందంటారు. ఆ మాటలోనూ నిజం ఉంటుంది, అదే చిక్కు. మెగన్ డేవిస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు 1,144 మంది పిల్లల కేసుల్ని పరిశీలించి 2019లో ఇచ్చిన నివేదిక చదివితే తెలుస్తుంది, చట్టంలో వరస రాసి ఉన్నంత మాత్రాన ఆఫీసులో ఆ వరస నడవదని.

పాప ఇప్పుడు తల్లిని పెంచిన ఆ పెద్దమ్మ దగ్గరే ఉంది. ఆఫీసు కాగితాల్లో ఆవిడ ఇప్పటికీ గ్రేట్ ఆంట్. పాప మాత్రం నాన్ అని పిలుస్తుంది. మన చెవికి నాన్న అన్నట్టు వినిపిస్తుంది గానీ, అక్కడ నాన్ అంటే అమ్మమ్మ.

నమస్కారం.