నిజమైందా, చేసిందా?

పెద్దలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. చిన్నపిల్లలకు ప్రకృతి విజ్ఞాన ప్రదర్శనశాలను ఎలా చూపించాలో మాట్లాడమని శ్రీకాకుళం గ్రంథాలయ మిత్రులు నన్ను పిలిచారు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక అదేమంత కష్టమని అనుకునేవాణ్ణి. కిందటేడు ఆరేళ్ల మనుమరాలితో భువనేశ్వర్ వెళ్లివచ్చాక ఆ ధీమా కొంత సడలింది.

మనకు హైదరాబాదు కంటే భువనేశ్వర్ దగ్గర. ఆమదాలవలసలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి దిగిపోవచ్చు. అక్కడి ఆచార్య విహార్‌లో 2004లో ప్రారంభమైన ప్రాంతీయ ప్రకృతి విజ్ఞాన ప్రదర్శనశాల ఉంది. పిల్లకు ఏమేం చెప్పాలో నేను ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకున్నాను: ఆహార గొలుసు, పరిణామం, అంతరించిన జీవులు. ఆ కాగితం జేబులోంచి బయటకు రాలేదు. పిల్ల ప్రతి వస్తువు ముందూ ఆగి ఒకే మాట అడిగింది: "తాతా, ఇదేటి, నిజమైందా, చేసిందా?"

మొదట పెద్దగా పట్టించుకోలేదు. అద్దం వెనకనున్న ఒక పక్షిని చూసి అడిగినప్పుడు "నిజమైందే" అని ముందుకు నడిచాను. పిల్ల కదలలేదు, ముక్కు అద్దానికి ఆనించి "మరి కళ్లు?" అంది. చర్మం, ఈకలు పక్షివేననీ, లోపల కూరినది వేరే సరుకనీ, కళ్లు గాజువనీ అప్పుడు ఒప్పుకోక తప్పలేదు. "అయితే సగమే నిజం" అని తీర్పు చెప్పి అది ముందుకు కదిలింది.

తిమింగలం అస్థిపంజరం దగ్గర మాత్రం ముప్పావుగంట నిలబడిపోయాం. 2023లో మన సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి సుమారు 25 అడుగుల తిమింగలం కళేబరం కొట్టుకొచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వీడియో పిల్ల ఫోనులో చూసింది. "దానికి తోలు, మాంసం ఉన్నాయి కదా, దీనివి ఏమయ్యాయి?" అని అడిగింది. ఇలాంటి కళేబరాలను చాలాచోట్ల నెలల తరబడి ఇసుకలో పాతిపెట్టి, మాంసమంతా కుళ్లిపోయాక ఎముకలు తీసి కడుగుతారని చెబితే ముక్కు మూసుకుంది. ఈత రెక్కలో వేళ్లలాంటి ఎముకలు చూపించాను. తన చెయ్యి చాచి, వేళ్లు విప్పి, ముడిచి, మళ్లీ అటు చూసింది. పరిణామం గురించి నేను రాసుకున్న నాలుగు వాక్యాలూ ఆ చేతిలోనే ఉన్నాయి. ఈలోగా మా అల్లుడు మిగతా గదులన్నీ చుట్టి ఫొటోలు తీసుకొచ్చి, "మావయ్యగారూ, పిల్లకు ఏమీ చూపించనేలేదు" అని నొచ్చుకున్నాడు. ఆయన లెక్క ఆయనది. నేను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

ఎందుకంటే పిల్ల అడిగిన ప్రశ్న శాస్త్రవేత్తలు అడిగేదే. హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలోని కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. గోదావరి లోయలో యామనపల్లి దగ్గర 1970ల చివర్లో దాని ఎముకలు బయటపడ్డాయి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టారు. అక్కడ కనీసం 12 జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయి, తల మాత్రం దొరకలేదు. మ్యూజియంలో కనిపించే తల, దాని బంధువర్గానికి చెందిన ఇతర డైనోసార్ల తలలను బట్టి ఊహించి చేసినది. ఈ మాట చెబితే పిల్లల ఉత్సాహం చల్లారిపోతుందని కొందరు భయపడతారు. నా అనుభవంలో అలా జరగలేదు. "మరి తల ఎక్కడుంది?" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది, ఆ ప్రశ్న పుట్టిన పిల్లకు తవ్వకమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

నిజమైనదానికి, చేసినదానికి మధ్య తేడా పెద్దలకూ తెలియాల్సిందే. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని జాతీయ ప్రకృతి విజ్ఞాన ప్రదర్శనశాల అగ్నికి ఆహుతైంది. కాలిన బొమ్మను మళ్లీ పోతపోసుకోవచ్చు. ఏ వేటగాడో, ఏ పరిశోధకుడో ఏనాడో సేకరించిన పక్షి చర్మం బూడిదైతే దాన్ని మళ్లీ తేగలవారు లేరు.

భువనేశ్వర్ నుంచి వచ్చాక డిసెంబరులో పిల్లను టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకువెళ్లాను. సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరి చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. పక్షులు రావడం ఊరికి శుభమని గ్రామస్థుల నమ్మకం, అందుకే వాటి జోలికి ఎవరూ పోరు. చింతచెట్టు కింద నిలబడి, గూడబాతు ముక్కు కింది సంచి గురించి నేను గంభీరంగా వివరిస్తూ ఉండగా పైనుంచి రెట్ట సరిగ్గా నా భుజం మీద పడింది. పిల్ల దాన్ని దగ్గరగా, శ్రద్ధగా పరిశీలించి, "ఇది నిజమైందే తాతా" అంది.